జాగ్రత్త: ఫైనల్ ఫాంటసీ 13ని ట్రైలర్ చూసి కొనేయకండి

డిస్కౌంట్ పెట్టిన ప్రతిసారీ ఈ గేమ్ ట్రైలర్ చూసి, ఇంత అందమైన ఆర్‌పీజీ (పాత్రలను పెంచుకుంటూ ఆడే కథా గేమ్) ఇంత చవగ్గా వస్తోందా అని చాలామంది కొనేస్తుంటారు. డబ్బు కట్టే ముందు ఈ లెక్క చూసుకోండి. పీసీ గేములు అమ్మే స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకుండా ఉంటేనే ఏ పేచీ లేకుండా డబ్బు వాపసు వస్తుంది. ఈ గేమ్‌లో మొదటి రెండు అధ్యాయాలకే దాదాపు ఆ 2 గంటలూ పోతాయి. ఆ రెండు అధ్యాయాల్లో లెవెల్ పెంచుకోవడం లేదు, పాత్రలకు పోరాటంలో వేరువేరు రోల్స్ (బాధ్యతలు) లేవు, ఎటు వెళ్లాలో ఎంచుకునే పని లేదు. కట్‌సీన్ (మధ్యలో వచ్చే కథ వీడియో) చూడటం, నాలుగడుగులు వెయ్యడం, బటన్ నొక్కడం, అంతే. అసలు ఆర్‌పీజీ ఎలా ఉంటుందో తెలిసేసరికి వాపసు గడువు దాటిపోతుంది. గేమ్ తెరిచి పాజ్‌లో వదిలేసిన సమయం కూడా ఆ 2 గంటల్లోకే వస్తుంది, మరిచిపోకండి.

అందం విషయంలో వంక పెట్టడానికి లేదు. 2009 డిసెంబరులో జపాన్‌లో పీఎస్3 మీద వచ్చిన గేమ్ ఇప్పటికీ కళ్లు తిప్పుకోనివ్వదు. సన్‌లెత్ అడవిలో వాన, ఎండ మారుతుంటే వెలుగు మారే తీరు, మసాషి హమావుజు సంగీతం, స్ఫటికంగా గడ్డకట్టిన అలల మధ్య నడిచే బ్రేషా సరస్సు, ఇవన్నీ నిజంగా గొప్పవి. ఎక్స్‌బాక్స్ 360లో మూడు డీవీడీలు పట్టింది. పెట్టిన శ్రమంతా కంటికి కనిపిస్తుంది. చేతికి మాత్రం పని తగలదు.

మొత్తం 13 అధ్యాయాలు. 10వ అధ్యాయం పూర్తయ్యేదాకా మినీమ్యాప్‌లో (తెర మూలన ఉండే చిన్న పటంలో) మీకు కనిపించేది దాదాపు ఒకే గీత. ఆ గీత వెంట ముందుకు నడుస్తూ పోవాలి. పక్కకు చిన్న కొమ్మ చీలితే దాని చివర ఒక పెట్టె ఉంటుంది, తీసుకుని వెనక్కి రావాలి. ఊళ్లు కనిపిస్తాయి గాని ఇళ్లలోకి దూరడం, మనుషులను కదిలించి మాట్లాడటం, వాళ్ల పనులు నెత్తిన వేసుకోవడం లాంటివేవీ ఉండవు. దుకాణాలు కూడా సేవ్ పాయింట్‌లోని ఒక మెనూ మాత్రమే. 11వ అధ్యాయంలో గ్రాన్ పల్స్ మైదానం చేరాక ప్రపంచం ఒక్కసారిగా విచ్చుకుంటుంది, అక్కడి నుంచి 64 వేట మిషన్లు దొరుకుతాయి. అక్కడికి చేరడానికి మామూలుగా ఆడేవాళ్లకు 20 గంటల పైనే పడుతుంది.

పాత్రలను పెంచే క్రిస్టేరియం మరీ మోసం. స్క్రీన్ మీద గిరగిరా తిరిగే స్ఫటికాల పందిరిలా ఉంటుంది, చూడగానే ఎన్నో దారులున్నాయనిపిస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే ఒక్కో రోల్‌కు ఒకే తాడు, మధ్యలో చిన్న చిన్న పిలకలు. పైగా ప్రతి దశలోనూ దానికి గేమ్ ఒక హద్దు పెడుతుంది. ఆ హద్దు కథలో ముందుకు వెళ్తేనే జరుగుతుంది. అందుకే మొదట్లోనే శత్రువులను తెగ చంపి బలపడదామనుకుంటే కుదరదు, కొంతసేపటికి పాయింట్లు పేరుకుపోతాయి గాని ఖర్చు పెట్టే చోటు దొరకదు. పార్టీలో (మీ జట్టులో) ఎవరుండాలన్నది కూడా దాదాపు 10వ అధ్యాయం వరకు మీ చేతిలో ఉండదు. 4వ అధ్యాయంలోనే కథ మనుషులను జంటలుగా విడదీస్తుంది, ఎవరిని ఇస్తే వాళ్లతోనే నెట్టుకురావాలి.

అన్నిటికంటే బాధ కలిగించేది, దీని కింద మంచి యుద్ధ విధానం ఉండటం. శత్రువుకు చైన్ గేజ్ ఉంటుంది. రావేజర్ అనే రోల్‌లో ఉన్నవాడు దాన్ని వేగంగా పెంచుతాడు, కాని అది అంతే వేగంగా జారిపోతుంది. కమాండో రోల్‌లో ఉన్నవాడు కొట్టే దెబ్బలు ఆ జారుడును నెమ్మదింపజేస్తాయి. గేజ్ నిండితే శత్రువు తూలిపోతాడు, అప్పుడు దెబ్బ విలువ కొన్ని రెట్లవుతుంది. మెడిక్ (ప్రాణం నింపేవాడు), సెంటినెల్ (దెబ్బలు కాచేవాడు), సినర్జిస్ట్ (మనవాళ్ల బలం పెంచేవాడు), సాబొటర్ (శత్రువును బలహీనపరిచేవాడు) కూడా కలిస్తే, ఎప్పుడు ఎవరిని ఏ రోల్‌లోకి మార్చాలన్నదే ఆట. ఆ మార్పులనే పారడైమ్ అంటారు, 3వ అధ్యాయంలో మొదలవుతాయి. కాని శత్రువులు వాటిని నిజంగా పరీక్షించేది చాలా ఆలస్యంగా. చిన్న పోరాటాల్లో దెబ్బలను గేమే ఎంచుకునే ఆటో బ్యాటిల్ నొక్కుతూ పోతే సరిపోతుంది. ప్రతి పోరాటం తర్వాత ప్రాణం తిరిగి నిండుతుంది, ఓడినా ఆ పోరాటం ముందు నుంచే మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఇన్ని గంటలూ ట్యుటోరియల్‌లా సాగడానికి కారణం ఇదే.

కథ సంగతి ఒక్క ముక్కలో: ఫల్‌సీ (దేవతల్లాంటి శక్తులు), లసీ (వాటి ముద్ర పడిన మనుషులు), సీత్ (అప్పగించిన పని చెయ్యలేక రాక్షసులైన లసీలు) అనే మాటలు మొదటి నుంచీ దంచేస్తారు, వాటి వివరం మాత్రం మెనూలోని డేటాలాగ్‌లో రాసిపెట్టారు. అది చదవకపోతే ఎవరు ఎవరిని ఎందుకు తరుముతున్నారో అర్థం కాదు.

పీసీ మీద కొనేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. 2014 అక్టోబరులో వచ్చినప్పుడు 720పి అనే తక్కువ రిజల్యూషన్‌కే కట్టేసి ఉంచారు, డిసెంబరు ప్యాచ్‌తో గాని రిజల్యూషన్ మార్చుకునే వీలు రాలేదు. డిస్క్‌లో సుమారు 60 జీబీ ఖాళీ కావాలి. ఇది 32 బిట్ ప్రోగ్రామ్, కొత్త మెషీన్ల మీద కూడా ఫ్రేమ్‌లు తడబడతాయి, మధ్యలో ఆగిపోతుంది. దానికి ఆడేవాళ్లే తయారుచేసిన ఎఫ్ఎఫ్13 ఫిక్స్ మోడ్, ఎక్కువ మెమరీ వాడుకోనిచ్చే 4 జీబీ ప్యాచ్ వాడుతున్నారు. ఆ తంటాలు వద్దనుకుంటే, ఎక్స్‌బాక్స్ ఉన్నవాళ్లకు 360 వెర్షన్ కొత్త కన్సోల్‌లో నడుస్తుంది, బొమ్మ కూడా శుభ్రంగా ఉంటుంది.

కొనాలా వద్దా అని ఊగిసలాడుతుంటే ట్రైలర్ వద్దు. ఎవరైనా మాట్లాడకుండా ఆడిన వీడియోలో 5వ అధ్యాయం, గాప్రా వైట్‌వుడ్, అరగంట చూడండి. ఆ అరగంట మీకు నచ్చితే మిగతాదీ భరించగలరు. విసుగొస్తే ఇంకో అయిదు అధ్యాయాలు అలాగే ఉంటాయి.

ఇప్పటికే కొనేసి, వాపసు గడువు దాటిపోయినవాళ్లు రెండు పొరపాట్లు చెయ్యకండి. ఒకటి, లీడర్ (పోరాటంలో మీరు నడిపే పాత్ర) ప్రాణం మీద ఎప్పుడూ కన్నుంచండి. పక్కనున్న ఇద్దరూ నిలబడే ఉన్నా లీడర్ పడితే ఆట ముగిసినట్టే, లేపే అవకాశం ఇవ్వరు. రెండు, 11వ అధ్యాయం వరకు ఆయుధాలను బలపరచడానికి సామాను ఖర్చు పెట్టకండి. శత్రువులు డబ్బు వదలరు, వస్తువులే వదులుతారు, అందుకే గిల్ (ఆటలోని డబ్బు) కొరత చివరిదాకా ఉంటుంది. ఒక్కొక్కరికి ఒకే ఆయుధం ఎంచుకోండి. ముందు ఎముకలు, కోరలు లాంటివి గుంపుగా పెట్టి, ఆయుధానికి వచ్చే అనుభవ పాయింట్ల బోనస్‌ను 3 రెట్లకు తీసుకెళ్లండి. ఆ తర్వాతే యంత్ర భాగాలు వెయ్యండి, అదీ ఒకే విడతలో ఎక్కువ మొత్తం. యంత్ర భాగాలు వేసిన ప్రతిసారీ ఆ బోనస్ కిందికి దిగిపోతుంది.