సైలెన్సర్ అడిగితే రూల్ బుక్ తీశారు

అబిడ్స్‌లోని ఈ తుపాకుల షాపు నాకు బాగా నచ్చింది. గచ్చిబౌలి రేంజ్‌లో ప్రాక్టీస్ చేసే మా తమ్ముడి రైఫిల్‌కి శబ్దం తగ్గించే గొట్టం ఉందా అని అడిగాను. "అది మా దగ్గర దొరకదమ్మా" అంటూ పెద్దాయన 2016 ఆయుధాల నిబంధనల పుస్తకం తీసి, మొదటి షెడ్యూల్‌లో పెన్సిల్‌తో గీత గీసిన లైను చూపించారు. కాల్పుల శబ్దాన్ని, మెరుపును తగ్గించే పరికరాలన్నీ మొదటి కేటగిరీలోనే ఉన్నాయి. రైఫిల్ లైసెన్స్ ఉంది కదా అని కొనేయడం కుదరదు. బ్రిటన్‌లో వేటగాళ్లు మామూలుగా వాడతారు. ఆ వీడియోలు చూసి మన పిల్లలు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేస్తారేమోనని నాకు నిజంగా భయం.

బదులుగా ఇయర్ మఫ్స్ ఇచ్చారు. కళ్లజోడు కాడ దగ్గర సందు పడకుండా సరిచేసి, లోపల ఫోమ్ ప్లగ్స్ కూడా పెట్టుకోమన్నారు. ధర కాస్త ఎక్కువే. పార్కింగ్ మాత్రం కష్టం.