మూడేళ్లుగా గాల్లో ముగ్గులు: వీఆర్‌లో నాకు మిగిలినవి

వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్, అంటే కళ్లకి తగిలించుకుంటే చుట్టూ ఇంకో లోకం కనిపించే పరికరం, కొని మూడేళ్లయింది. కొత్తలో అన్నీ ఆటలే, జాంబీలను కాల్చడం, ఇంటికొచ్చిన ప్రతి చుట్టాన్నీ రోలర్‌కోస్టర్ ఎక్కించి కేకలు పెట్టించడం. నాలుగు నెలలకి బోర్ కొట్టింది. అయినా ఇప్పటికీ వారానికి రెండుసార్లు తలకి తగిలించుకుంటున్నానంటే కారణాలు రెండే: ఓపెన్ బ్రష్, మా అక్క.

ఓపెన్ బ్రష్ అంటే వీఆర్‌లో గాల్లో బొమ్మలు గీసే యాప్, పాత టిల్ట్ బ్రషే. 2016లో గూగుల్ తెచ్చింది, 2021 జనవరిలో దాని మీద పని ఆపేసి కోడ్ అందరికీ ఇచ్చేసింది. ఇష్టమున్నవాళ్లు దాన్ని అందుకుని కొత్త పేరుతో ఉచితంగా నడుపుతున్నారు. కాగితం మీద నేను ఓ మాదిరిగా గీస్తాను, ఇక్కడ మాత్రం మొదటి నెలంతా పిచ్చిగీతలే. కాగితం మీదైతే మణికట్టు ఆనించుకుంటాం, గాల్లో ఆనించడానికి ఏముంది? పైగా లోతు ఒకటి, ఎదురుగా చక్కగా కనిపించిన సున్నా పక్కకెళ్లి చూస్తే స్ప్రింగులా సాగి ఉంటుంది. గీయడం, చుట్టూ తిరిగి చూడడం, చెరిపేయడం, మళ్లీ గీయడం, అలా అలా చెయ్యి కుదిరింది. నాకు బాగా నచ్చింది అద్దం పనిముట్టు. ఒకవైపు మెలిక తిప్పితే మిగతా వైపులా అదే పడుతుంది, ముగ్గులకి ఇంతకన్నా ఏం కావాలి! చిక్కల్లా ఇతరులకి చూపించడంలోనే. వీడియో పంపితే ఫోన్‌లో చూసి "బాగుంది" అని ఊరుకుంటారు, అది హాలంత పెద్దదని, మధ్యలో నిలబడొచ్చని ఎంత చెప్పినా ఎక్కదు.

అక్క డాలస్‌లో ఉంటుంది. నాకు ఆదివారం పొద్దున్న, తనకి శనివారం రాత్రి, వీఆర్‌చాట్‌లో, అంటే హెడ్‌సెట్ పెట్టుకుని బొమ్మల రూపంలో కలుసుకుని మాట్లాడుకునే యాప్‌లో, మేమిద్దరమే ఉండేలా గది తెరుచుకుంటాం. వీడియో కాల్ అయితే పది నిమిషాలకే "ఇంకేంటి" దగ్గర ఆగిపోతుంది. ఇక్కడ గాల్లో రాసే పెన్నులతో ఏదో ఒకటి గీసుకుంటూ ఉంటాం, తను ఎడమవైపు ఉంటే మాట ఎడమ చెవికే ఎక్కువ వినిపిస్తుంది, మాట్లాడకపోయినా మనిషి పక్కనే ఉన్నట్టు ఉంటుంది. అందరూ వచ్చే గదులకి మాత్రం, ఏ యాప్ అయినా సరే, వెళ్లను. ఆడగొంతు వినపడగానే మీదమీదకి వచ్చేవాళ్లు ఉంటారు, బ్లాక్ చేస్తే మాయమవుతారు గానీ ఆపాటికే మూడ్ పోతుంది.

హెడ్‌సెట్ బరువు అర కిలో. బ్యాటరీ రెండు గంటలొస్తుంది, నా మెడ గంటే వస్తుంది. మే నెలలో అయితే ఫ్యాన్ కింద కూడా నుదుటి స్పాంజి తడిసి ముద్దవుతుంది, కడుక్కోగలిగే సిలికాన్ తొడుగు కొనుక్కోండి. లెన్సుల మీద ఎండ అస్సలు పడనివ్వకండి, భూతద్దంలా పనిచేసి లోపలి తెర కాలిపోతుంది.

మొన్న సంక్రాంతికి అమ్మకి పెట్టి నా ముగ్గు చూపించాను. నేలంతా పరిచి ఉందిగా, తొక్కకూడదని పక్కకి తప్పుకుంది, టీపాయ్‌కి మోకాలు కొట్టుకుంది. హెడ్‌సెట్ తీసేసి మోకాలు రుద్దుకుంటూ, "ఆ మూల మెలిక తప్పు తిప్పావే" అంది.