మూడు గొట్టాల తుపాకీ పుట్టిల్లు వెతుక్కుంటూ: ఫెర్లాఖ్, జూల్ ప్రయాణం

మా ఆఫీసులో పనిచేసే జర్మన్ మిత్రుడికి తాతగారి వేట తుపాకీ ఒకటి వారసత్వంగా వచ్చింది. పైన పక్కపక్కన రెండు గొట్టాలు, పిట్టలకీ కుందేళ్ళకీ వాడే, లోపల బోలెడు చిన్న గుండ్లుండే తూటాల కోసం. వాటి కింద సన్నగా ఒక రైఫిల్ గొట్టం. వాళ్ళ భాషలో దీన్ని ‘డ్రిల్లింగ్’ అంటారు. కన్నాలు వేయడంతో సంబంధం లేదు, మూడు అనే మాట నుంచి వచ్చింది. తయారు చేసినవారి పేరు ఎక్కడా లేదు. గొట్టాల మధ్య పట్టీ మీద మాత్రం ‘ఫ్లుస్‌ష్టాల్ క్రుప్ ఎస్సెన్’ అని ఉంది. దాన్ని చూసి వాళ్ళమ్మ క్రుప్ కంపెనీ తుపాకీ అంటారు. వాళ్ళ మామయ్యేమో కచ్చితంగా ఆస్ట్రియాదే అని పందెం కాస్తారు. కింది గొట్టంలో ఏ తూటా పడుతుందో మాత్రం ఇద్దరికీ తెలియదు.

మామయ్య మాట మీద ముందు ఆస్ట్రియా వెళ్ళాం. తుపాకీని సరిహద్దు దాటించాలంటే కాగితాల గొడవ ఉంటుందని ఫోన్‌లో ఫొటోలు మాత్రం తీసుకెళ్ళాం. ఫెర్లాఖ్ చిన్న ఊరు. క్లాగెన్‌ఫుర్ట్‌కి దక్షిణాన, కారవాంకెన్ కొండల కింద ఉంటుంది. 16వ శతాబ్దం నుంచి తుపాకుల పని ఉన్న చోటు. కోటలో తుపాకుల తయారీ, వేట మ్యూజియం, ఊళ్ళో ఆ విద్య నేర్పే బడి, ఇప్పటికీ చేత్తో తుపాకులు చేసే వర్క్‌షాపులు ఉన్నాయి. మేం బస క్లాగెన్‌ఫుర్ట్‌లో పెట్టుకున్నాం, మంచిదైంది. ఫెర్లాఖ్‌లో సాయంత్రం అయ్యేసరికి చేయడానికేమీ ఉండదు. మ్యూజియానికి ఒక పూట చాలు.

ఒక వర్క్‌షాపులో పెద్దాయన మా ఫొటోలు ఒక్కొక్కటే చూసి నవ్వారు. ‘మీరు తీసినవన్నీ నగిషీ ఫొటోలు. గొట్టాలు విడదీసి కింద వైపు చూపించండి’ అన్నారు. నిజమే, లేళ్ళనీ ఓక్ ఆకుల్నీ ఇరవై కోణాల్లో తీశాం! అప్పటికప్పుడు మిత్రుడు ఇంటికి ఫోన్ చేశాడు. వేట లైసెన్సు ఉన్న వాళ్ళ నాన్నగారు గొట్టాలు ఊడదీసి, అడుగు భాగం ఫొటోలు పంపారు. పెద్దాయన నిమిషంలో తేల్చేశారు. నైట్రో పొడికి, అంటే పొగ రాని తుపాకీ మందుకి, కాల్చి పరీక్ష చేసిన ఫెర్లాఖ్ తుపాకీ మీద ఎన్‌పీఎఫ్ అనే ముద్ర ఉండాలి, అది లేదు. ఉన్నవన్నీ కిరీటం కింద ఒక్కో అక్షరం: బీ, యూ, జీ, ఎస్, డబ్ల్యూ. ఇవి జర్మనీ ముద్రలు. ఇక క్రుప్ అంటే గొట్టాలకు ఉక్కు ఇచ్చినవాళ్ళు మాత్రమేనట. అలా మామయ్యా ఓడిపోయారు, అమ్మా ఓడిపోయారు. పెద్దాయన పైసా తీసుకోలేదు.

రెండో ప్రయాణం జర్మనీలోనే, తూరింగియా అడవుల్లో, తుపాకుల తయారీకి పేరున్న జూల్‌కి. ఈసారి మిత్రుడు తుపాకీని తాళం వేసిన పెట్టెలో పెట్టుకుని కారులో వచ్చాడు, నేను ఎర్‌ఫుర్ట్ నుంచి రైల్లో. మూడు కిలోమీటర్ల బ్రాండ్‌లైటె సొరంగం దాటే ఆ దారి బాగుంటుంది. హోటల్ గురించి చెప్పుకోడానికేమీ లేదు. గది శుభ్రం, వైఫై దండగ. ఆదివారం సాయంత్రం భోజనం దొరకడం పెద్ద టెన్షన్.

జూల్ ఆయుధాల మ్యూజియం మాత్రం తప్పక చూడాలి. పాత కర్ర చట్రాల ఇల్లు. ఫెర్లాఖ్‌తో పోలిస్తే ఇక్కడ వస్తువుల వరస బాగా అర్థమవుతుంది. మా డ్రిల్లింగ్‌కి అక్కచెల్లెళ్ళలాంటివి అద్దాల వెనక కనిపించాయి. కానీ మ్యూజియం చూస్తే కాలిబర్, అంటే ఏ కొలత తూటా పడుతుందో, తెలియదు. దానికి గన్‌స్మిత్ దగ్గరికే వెళ్ళాలి. ముందే అపాయింట్‌మెంట్ తీసుకోండి. మేం తీసుకోకుండా మొదట వెళ్ళిన చోట అరగంట నిలబెట్టి, ‘పాత తుపాకులు మేం చూడం’ అని పంపేశారు.

రెండో చోట ఆయన భూతద్దంతో ముద్రలు చదివి చెప్పారు. బీ అంటే కాల్చి పరీక్షించారని, యూ తనిఖీ అయిందని, జీ గాడులున్న గొట్టమని, ఎస్ గుండ్ల గొట్టమని, డబ్ల్యూ చోక్ ఉందని, అంటే గొట్టం మూతి దగ్గర కాస్త ఇరుకవుతుందని. జర్మనీలో తుపాకుల్ని పరీక్షించే చట్టం 1891లో వచ్చింది, 1893లో అమలైంది. అప్పటికే దుకాణాల్లో ఉన్న తుపాకుల మీద వీ కొట్టారు. మా దాని మీద వీ లేదు, కాబట్టి ఆ తర్వాతిదే. రైఫిల్ గొట్టం కింద ‘108,49’ అని ఉంది. మేం దాన్ని సీరియల్ నంబర్ అనుకున్నాం. అది గేజ్ లెక్కలో గొట్టం లోపలి కొలత (గొట్టంలో సరిగ్గా పట్టే సీసం గుండ్లు పౌనుకి ఎన్ని తూగుతాయో ఆ లెక్క), అంటే సుమారు 8.89 మిల్లీమీటర్లు. 1910ల మొదట్లో ఈ పద్ధతి పోయి మిల్లీమీటర్లు వచ్చాయి. దాంతో తుపాకీ వయసు ఆ ఇరవై ఏళ్ళ లోపల ఇరుక్కుంది. ఊరి సంగతి ముద్రలు చెప్పవు, పక్కనే ఉన్న జెల్లా-మేలిస్‌లోనూ తుపాకులు చేసేవారు. పనితనం మాత్రం జూల్‌దేనని ఆయన అన్నారు.

ఆ కొలతతో తూటా పేరు తేలదు. గాడుల అడుగు నుంచి కొలిస్తే వ్యాసం ఇంకా పెద్దది, పైగా చాంబర్, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే చోటు, దాని ఆకారం వేరే విషయం. అందుకని మరిగే నీళ్ళ కన్నా తక్కువ వేడికే కరిగే మిశ్రమ లోహం చాంబర్‌లో పోసి అచ్చు తీశారు. అది ముందు కుదించుకుని, తర్వాత మెల్లగా పెరుగుతుంది. అందుకని గంట ఆగి కొలిచారు. పొడవైన, దాదాపు తిన్నటి ఆకారం, అంచు ఉన్న తూటా: 9.3×72ఆర్. గుండ్ల గొట్టాలు 16 గేజ్, చాంబర్ పొడవు 65 మిల్లీమీటర్లే. ఇప్పటి 70 మిల్లీమీటర్ల తూటా లోపలికి దూరుతుంది కానీ పేల్చినప్పుడు తూటా ముడిచిన నోరు పూర్తిగా విచ్చుకోడానికి చోటుండదు, ఒత్తిడి పెరుగుతుంది. దూరింది కదా అని కాల్చొద్దని రెండుసార్లు చెప్పారు.

అచ్చు జ్ఞాపకంగా ఇస్తారేమో అనుకున్నాడు మా వాడు. ఆయన కొలతలు కాగితం మీద రాసిచ్చి, అచ్చుని మళ్ళీ లోహం కరిగించే గిన్నెలో పడేశారు.