బెంగళూరు బజారులో కివీ: కాయ అమ్ముతారు, పండు మనం చేసుకోవాలి

కన్నడంలో కివి అంటే చెవి, హణ్ణు అంటే పండు. అందుకే బెంగళూరులో "కివి హణ్ణు" అన్న బోర్డు మొదటిసారి చూసిన తెలుగువాళ్ళకి నవ్వొస్తుంది. ఆ నవ్వు కొని, ఇంటికి తెచ్చి, కోసేదాకానే. లోపల దోసకాయంత గట్టితనం, పళ్ళు జివ్వుమనే పులుపు, గొంతులో సన్నగా గీరినట్టు మంట. డబ్బాలో మిగిలిన రెండూ ఫ్రిజ్‌లో మూలకి పోతాయి. ఈ ఊళ్ళో కివీ నచ్చలేదనేవాళ్ళని కదిపి చూడండి, చాలామంది తిన్నది పండు కాదు, కాయ.

ముందే తేల్చి చెప్పాలంటే: డబ్బుకు తగ్గ సరుకు దిగుమతి పచ్చ కివీ, నాలుగైదు రోజులు ఆగగలిగితే. ఈ రోజు కొని ఈ రోజే పిల్లల డబ్బాలో పెట్టాలంటే పసుపు కివీ. అరుణాచల్ కివీ నవంబరు మధ్య నుంచి డిసెంబరు దాకా, ఏరుకునే వీలుంటేనే. ఎండు కివీ వద్దు. నర్సరీలో అమ్మే కివీ మొక్క అసలే వద్దు.

పచ్చ కివీ అంటే నూటికి తొంభై పాళ్ళు హేవర్డ్ రకమే. కోడిగుడ్డు ఆకారం, గోధుమరంగు నూగు, స్టిక్కర్ మీద 4030 అంకె. మే నుంచి డిసెంబరు దాకా న్యూజిలాండ్, చిలీ సరుకు ఎక్కువ. చలికాలం చివర్నుంచి వేసవి మొదటిదాకా ఇటలీ, గ్రీస్ సరుకు. దేశం మారితే రుచి పెద్దగా మారదు గానీ, కోల్డ్ స్టోరేజీలో ఎన్ని నెలలుందన్నది మారుతుంది. సీజన్ చివరి సరుకులో తొడిమ చుట్టూ ముడతలు కనిపిస్తాయి. అది పండిన ముడత కాదు, నీరు పోయిన ముడత. అలాంటివి వదిలేయండి.

మూడు పండ్ల డబ్బా ధర చూసి మోసపోవడం తేలిక. హోల్‌సేల్‌లో కివీకి సైజు అంటే ఒక ట్రేలో పట్టే కాయల లెక్క. 33 లెక్క కాయ దాదాపు వంద గ్రాములు, 25 లెక్కది 130 దాటుతుంది. రెండు డబ్బాల మీదా ఒకే ధర ఉండొచ్చు, లోపలి సరుకులో మాత్రం వంద గ్రాముల తేడా ఉండొచ్చు. కాటా ఉన్నచోట తూయించండి, డబ్బా మీద గ్రాములు రాసి ఉంటే అది చదవండి. రస్సెల్ మార్కెట్ లాంటి చోట విడిగా ఏరుకోనిస్తే అంతకంటే మేలు లేదు. మూడూ ఒకే మెత్తదనంలో తీసుకోకండి. ఒకటి కాస్త మెత్తగా, రెండు గట్టిగా ఏరితే వారమంతా ఒక్కొక్కటే చేతికొస్తుంది. పది నిమిషాల్లో తెచ్చిచ్చే యాప్‌ల్లో ఈ సౌకర్యం లేదు. వాళ్ళు పంపేది దాదాపు ఎప్పుడూ గట్టి కాయే, కాబట్టి ఆదివారానికి కావాలంటే బుధవారమే తెప్పించుకోవాలి.

ఇక ముగ్గబెట్టడం. ఇందులో మనకి కొత్త ఏమీ లేదు, సపోటాకీ మామిడికీ చేసే పనే. కివీ కాయలో పిండిపదార్థం ఉంటుంది, అది చక్కెరగా మారాలి. దానికి కావలసింది ఎథిలిన్ వాయువు. బాగా పండిన ఒక అరటిపండుతోనో ఆపిల్‌తోనో కలిపి కాగితపు సంచిలో వేసి, నోరు మడిచి, గట్టు మీద పెట్టండి. బెంగళూరు గది వేడిలో మూడు నుంచి అయిదు రోజులు పడుతుంది. ప్లాస్టిక్ కవరు పనికిరాదు, తేమ పట్టి తొడిమ దగ్గర బూడిదరంగు బూజు మొదలవుతుంది. బూజు పట్టిన కాయ తనొక్కటే పోదు. అది వదిలే ఎథిలిన్‌తో పక్కవి కూడా ఒక్కసారిగా మెత్తబడతాయి. అందుకే సంచి రోజుకోసారి తెరిచి చూడాలి.

పండిందో లేదో నడుం దగ్గర నొక్కి చూస్తే తెలియదు, అక్కడ కాయ కూడా కమిలిపోతుంది. తొడిమ వైపు భుజం మీద బొటనవేలు ఆన్చండి. తినడానికి సిద్ధమైన సపోటా కంటే ఒక పిసరు గట్టిగా ఉండి, వేలికి లొంగితే అదే సమయం. నీళ్ళలా ఊగితే, పులిసిన కల్లు వాసన వస్తే దాటిపోయినట్టు. పండాక ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఆగుతుంది. పండని కాయని ఫ్రిజ్‌లో వారాల తరబడి ఉంచవచ్చు, కానీ ఆపిల్స్ ఉన్న అరలో కాదు.

తినడానికి తొక్క తీయాల్సిన పనే లేదు. అడ్డంగా రెండు చేసి చెంచాతో తోడుకోండి. ముక్కలే కావాలంటే రెండు కొసలూ కోసి, తొక్కకీ గుజ్జుకీ మధ్య చెంచా దూర్చి చుట్టూ తిప్పితే లోపలిది మొత్తం జారి వస్తుంది. తొడిమ కొసలో చిన్న మేకులాంటి గట్టి ముక్క ఉంటుంది, చాకు మొనతో గుండ్రంగా తిప్పి తీసేయండి. గొంతు గీరడానికి కారణం కాల్షియం ఆక్సలేట్ సూది స్ఫటికాలు, చేమగడ్డ దురదకి కారణమైనవే. పండేకొద్దీ ఆ గీర తగ్గినట్టు అనిపిస్తుంది. కానీ పెదవులు వాచినా, నోరంతా దురద పెట్టినా అది వేరే సంగతి, అలర్జీ. రబ్బరు గ్లవుజులు పడనివాళ్ళకి కివీ కూడా పడకపోవచ్చు. అలాంటప్పుడు రెండో ముక్క తినకూడదు.

పసుపు కివీ మీద నూగు ఉండదు, స్టిక్కర్ మీద 3279. ఇది ముగ్గబెట్టే బాధ తక్కువ, పులుపు తక్కువ, తీపి చాలా ఎక్కువ. ధరా ఎక్కువే. 2010లో న్యూజిలాండ్ టె పుకే ప్రాంతంలో ఒక బాక్టీరియా తెగులు దిగి పాత పసుపు రకం తోటల్ని తుడిచిపెట్టింది. ఇప్పుడు సన్‌గోల్డ్ పేరుతో వచ్చేది దాన్ని తట్టుకోగల కొత్త రకం. పిల్లలు, పెద్దవాళ్ళు ఇష్టపడేది ఇదే. పులుపు ప్రాణమైన ఆంధ్రా నాలుకకి మాత్రం కాస్త చప్పగా తోస్తుంది. పదికి ఏడు మార్కులు.

అరుణాచల్ సరుకుకి మార్కులు వేయడమే కష్టం. దేశంలో కివీ ఎక్కువగా పండించేది ఆ రాష్ట్రమే. జీరో లోయ తోటల పేరు విన్నవాళ్ళుంటారు. 2020లో సేంద్రియ ధృవీకరణ కూడా వచ్చింది. మంచి కాయ దొరికితే హేవర్డ్‌కి ఏమాత్రం తీసిపోదు, పైగా సముద్రం దాటి రాలేదు. చిక్కల్లా కోతలో ఉంది. న్యూజిలాండ్ రైతు కాయ రసంలో చక్కెర శాతం 6.2 దాటిందో లేదో చూసి గానీ హేవర్డ్ కోయడు. మన కొండల్లో ముందు రేటు కోసం లేతగా కోసేస్తే, ఆ కాయని ఎంత ముగ్గబెట్టినా వాడుతుందే గానీ తియ్యబడదు. పెట్టెలో సైజులు కలగలిసి ఉంటాయి, అల్లిసన్, మాంటీ, బ్రూనో రకాలు కూడా కలుస్తాయి. కోలగా, ముళ్ళలాంటి దట్టమైన నూగుతో ఉన్నది బ్రూనో. అక్టోబరు మొదటి వారాల్లో వచ్చినవి మానేసి, నవంబరు మధ్య నుంచి కొనండి. అరవై గ్రాములు తూగని కాయ తీసుకోకండి.

పేరు సంగతి: ఇది పుట్టింది చైనాలో, అక్కడి పేరుకి అర్థం కోతి పీచ్. ఇసబెల్ ఫ్రేజర్ అనే ప్రధానోపాధ్యాయురాలు 1904లో గింజలు న్యూజిలాండ్ తీసుకెళ్ళింది, 1910లో తొలి కాపు వచ్చింది. హేవర్డ్ అన్నది రకాన్ని ఎంచి పెంచిన నర్సరీ యజమాని హేవర్డ్ రైట్ పేరు. చైనీస్ గూస్‌బెర్రీగా అమ్ముతున్న పండుకి అమెరికా బజారు కోసం 1959లో ఆక్లండ్ ఎగుమతిదారులు తమ దేశపు పక్షి పేరు తగిలించారు. కాబట్టి కన్నడ చెవికీ దీనికీ చుట్టరికం లేదు.

వంటింట్లో కివీతో జరిగే పెద్ద పొరపాటు పెరుగు, పాలు. కివీలో ఆక్టినిడిన్ అనే ఎంజైమ్ ఉంది, అది మాంసకృత్తుల్ని కోసేస్తుంది. పచ్చి ముక్కలు పెరుగు పచ్చడిలో వేస్తే కొద్దిసేపట్లోనే చేదెక్కుతుంది, మిల్క్‌షేక్ చేసినా అంతే. ముక్కల్ని రెండు మూడు నిమిషాలు ఆవిరి పొగలు వచ్చేలా వేడి చేసి, చల్లార్చి కలిపితే ఆ గొడవ ఉండదు. జెలటిన్ జెల్లీ పచ్చి కివీతో గడ్డకట్టదు, చైనా గ్రాస్ అయితే కడుతుంది. మిక్సీలో ఎక్కువసేపు తిప్పినా గింజలు నలిగి చేదొస్తుంది, రెండు మూడు సార్లు పల్స్ ఇచ్చి ఆపేయాలి. జ్యూస్ షాపుల కివీ షేక్ చేదు లేకుండా, చిలకపచ్చగా ఉందంటే అందులో ఉన్నది క్రష్ సీసా అనుకోవచ్చు.

అదే ఎంజైమ్ మటన్‌కి వరం. అర కిలోకి ఒక చెంచా గుజ్జు, అరగంట, పచ్చి బొప్పాయి బదులు. గంట దాటనిస్తే ముక్క పైపొర పిండిలా అయిపోతుంది.

ఎంతకీ పండని కాయల్ని పారేయకండి, పప్పులో వేయండి. అర కప్పు కందిపప్పు పసుపు వేసి విడిగా మెత్తగా ఉడికించాలి. రెండు గట్టి కివీల తొక్క తీసి, మధ్యలో తెల్ల బొడ్డు గట్టిగా ఉంటే కోసేసి, ముక్కలు చేసి, నాలుగు పచ్చిమిర్చి చీలికలతో కొద్ది నీళ్ళలో నాలుగైదు నిమిషాలు ఉడికిస్తే చాలు. ముందే పప్పుతో కుక్కర్లో పెడితే పులుపుకి పప్పు ఉడకదు. రెండూ కలిపి, ఉప్పు వేసి, ఇంగువ, ఎండుమిర్చి, వెల్లుల్లితో పోపు పెట్టండి. రంగు గోధుమ ఛాయకి తిరుగుతుంది, రుచి మామిడికాయ పప్పుకి దగ్గరగా ఉంటుంది. మామిడికాయ దొరకని నవంబరులో ఇంతకంటే ఏం కావాలి?

ఎండు కివీ చాలావరకు పంచదార పాకంలో నానబెట్టి, రంగు కలిపి ఆరబెట్టిన మిఠాయి. పాకెట్ వెనక చదివితే పంచదార పేరు పైవరుసలోనే ఉంటుంది.

వానాకాలం డెంగీ రోజుల్లో ఈ ఊళ్ళో కివీ ధర పైకి లేస్తుంది. కివీ తింటే ప్లేట్‌లెట్లు పెరుగుతాయన్నదానికి గట్టి ఆధారం లేదు. సి విటమిన్ కోసమే అయితే వంద గ్రాముల పచ్చ కివీలో 90 మిల్లీగ్రాముల పైచిలుకు, పసుపుదాంట్లో 160 దాకా, జామకాయలో 200 పైనే. జామకాయ ధర ఎంతో మీకు తెలుసు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు రోజూ తినేముందు డాక్టర్ని అడగాలి.

చివరగా మొక్క. కుండీలో అంటుకట్టిన కివీ మొక్క, పక్కన కాయల బొమ్మ. కివీలో మగ తీగ వేరు, ఆడ తీగ వేరు. ఆరు నుంచి తొమ్మిది ఆడ తీగలకి ఒక మగది ఉండాలి, ఒంటరి మొక్క కాయదు. రెండూ కొన్నా బెంగళూరులో కాయదు. హేవర్డ్ మొగ్గ విచ్చాలంటే చలికాలంలో 7 డిగ్రీల కింద 700 నుంచి 800 గంటలు గడవాలి. ఈ నగరంలో ఇంతవరకు నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. మన దేశంలో కివీ తీగని మొదట నాటింది మన లాల్‌బాగ్‌లోనే, 1960 ప్రాంతంలో. చలి చాలక అది కాపుకి రాలేదు. ఆ తర్వాత 1963లో సిమ్లాలో నాటినవి 1969లో కాశాయి. మేడ మీద పందిరి వేసే ఓపిక ఉంటే దానికి బెంగళూరు బ్లూ ద్రాక్ష తీగ పాకించండి, ఏడాదికి రెండు కాపులిస్తుంది.