హోమ్‌లో పెరిగే అబ్బాయికి ఎవరి తోడు మేలు: బయటి వాలంటీరా, బృందమా, రోజూ కనిపించే మనిషా?

అమ్మానాన్నలు లేకనో, ఉన్నా సాకలేకనో, ఇంట్లో దెబ్బలు భరించలేకనో, ఏదో కేసులో ఇరుక్కునో హోమ్‌కి చేరిన 14–17 ఏళ్ల అబ్బాయిలకు మెంటర్‌గా, అంటే తోడుండి దారి చూపే పెద్దగా, ఉంటామని చాలామంది ముందుకొస్తారు. రావాలి కూడా. కానీ ఏ పద్ధతిలో ఉండాలన్నది ముందే తేల్చుకోకపోతే మేలు చేయబోయి కీడు చేస్తాం. వాడుకలో ముఖ్యంగా మూడు దారులున్నాయి. ఒకటి, బయటినుంచి వారం వారం వచ్చే వాలంటీరు. రెండు, శిక్షణ పొందిన మనిషి నడిపే అబ్బాయిల బృందం. మూడు, హోమ్‌లోనో బడిలోనో ఇప్పటికే రోజూ కనిపించే పెద్దవాళ్లలో అబ్బాయి తానే ఎంచుకున్న ఒకరు.

ఈ మూడింటినీ నేను ఒకే ప్రశ్నతో తూస్తాను: ఆ మనిషి మధ్యలో వెళ్లిపోతే అబ్బాయికి ఏమవుతుంది? హోమ్‌లో పెరుగుతున్నవాడు అప్పటికే ఎంతోమందిని పోగొట్టుకుని ఉంటాడు. సొంతవాళ్లతో మొదలుపెట్టి, బదిలీ అయిన వార్డెన్లు, మారిపోయిన కౌన్సెలర్లు, పాత హోమ్‌లో వదిలేసిన స్నేహితుల దాకా. ఇంకొకరు వచ్చి, నవ్వి, పేరు అడిగి, నాలుగు వారాలకు కనిపించకుండా పోతే, వాడు దాన్ని తనలోని లోపంగానే లెక్కేసుకుంటాడు.

బయటినుంచి వచ్చే ఒక్కరు

ఒక పెద్ద, ఒక పిల్లవాడు అన్న ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. న్యూయార్క్‌లో పిల్లల కోర్టులో క్లర్కుగా పనిచేసిన ఎర్నెస్ట్ కౌల్టర్ 1904లో మొదలుపెట్టిన ప్రయత్నమే తర్వాత బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ అయింది. ఆ సంస్థ పిల్లలపై 1995లో వెలువడిన అధ్యయనంలో 10–16 ఏళ్లవాళ్లు 959 మందిని చీటీ తీసినట్టు రెండుగా విడదీసి, ఏడాదిన్నర గమనించారు. మెంటర్ దొరికే అవకాశం వచ్చినవాళ్లలో మత్తుమందు మొదలుపెట్టే అవకాశం 46 శాతం తక్కువ కనిపించింది. ఈ పద్ధతిని మెచ్చుకునేవాళ్లందరూ చూపే అంకె ఇదే.

అయితే అదే పిల్లల వివరాలను 2002లో ఇంకోసారి తరచి చూసినప్పుడు తేలినదాన్ని అంతగా ఎవరూ చెప్పరు. లాభం ఎక్కువగా ఏడాది, ఆపైన నిలిచిన జంటల్లోనే కనిపించింది. మూడు నెలల లోపే తెగిపోయిన జంటల్లో పిల్లలకు తమమీద తమకున్న విలువ ఇంకా తగ్గిపోయింది. వాళ్లలో ఎక్కువమంది ఇంట్లో ఉండేవాళ్లే. హోమ్‌లో ఉండే అబ్బాయికి ఆ దెబ్బ ఇంకెంత లోతుగా తగులుతుందో చెప్పనక్కర్లేదు.

ఈ దారిలో వేరెవరూ ఇవ్వలేనిది ఒకటుంది. వచ్చే మనిషికి ఇది ఉద్యోగం కాదు. ‘ఈయన జీతం కోసం రావట్లేదు, నాకోసమే వస్తున్నాడు’ అని అబ్బాయికి తెలుసు. పైగా గోడ బయటి లోకం ఆ మనిషితోపాటు లోపలికి వస్తుంది: బ్యాంకులో ఎలా మాట్లాడాలి, పనికోసం ఎవరిని అడగాలి, ఆఫీసులో కాగితం ఎలా నింపాలి వంటివన్నీ.

మరి కష్టం ఎక్కడ? రెండో నెలలో. అబ్బాయి ఒకవారం గదిలోంచి బయటికి రాడు. ఇంకోవారం తిట్టి పంపేస్తాడు. చాలామంది వాలంటీర్లు అక్కడే మనసు విరిగి మానేస్తారు. వాడు చేస్తున్నది పరీక్ష: నేనిలా ఉన్నా వస్తావా, రావా? ఆ మరుసటి వారం అదే సమయానికి వెళ్లి కూర్చోవడమే ఆ పరీక్షకు జవాబు. ఎదురెదురుగా కూర్చుని ‘నీ బాధ చెప్పు’ అంటే ఈ వయసు అబ్బాయిలు నోరు విప్పరు. పక్కపక్కన నడుస్తూనో, సైకిల్ బాగుచేస్తూనో ఉంటే మాట దానంతటదే వస్తుంది. ఏడాదిపాటు మాట నిలబెట్టుకోలేనివాళ్లు ఈ దారిలోకి రాకపోవడమే మంచిది. చదువు చెప్పడం, ఆటలు ఆడించడం లాంటి పనులకు వాళ్లు వెళ్లొచ్చు, అందులో చిన్నతనం ఏమీ లేదు.

అబ్బాయిల బృందం

షికాగోలో ‘బికమింగ్ ఎ మ్యాన్’ అనే కార్యక్రమంలో వారానికోసారి అబ్బాయిలు గుండ్రంగా కూర్చుంటారు. మొదట్లోనే ఒక ఆట ఉంటుంది. ఇద్దరిలో ఒకరి చేతికి బంతి ఇస్తారు, రెండోవాడు ముప్పై సెకన్లలో దాన్ని తీసుకోవాలి. అందరూ పెనుగులాడతారు. ఆట అయ్యాక నడిపే మనిషి అడుగుతాడు: ‘బంతి ఇవ్వమని ఒక్కరైనా అడిగారా?’ కోపానికీ చేతికీ మధ్య క్షణం ఆగడం అక్కడ అలవాటవుతుంది. షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు చూస్తే, కార్యక్రమం నడిచినంతకాలం హింసకు సంబంధించిన అరెస్టులు దాదాపు సగానికి తగ్గాయి. ఆ తగ్గుదల తర్వాత నిలవలేదు.

హోమ్‌లకు ఇంకా దగ్గరి ఉదాహరణ అదే ఊళ్లోని బాలల నిర్బంధ కేంద్రం. అలాంటి పాఠాలనే అక్కడి సిబ్బందికి నేర్పి, వాళ్లచేతే చెప్పించారు. అబ్బాయిలు మళ్లీ అక్కడికి రావడం సుమారు 21 శాతం తగ్గింది. బయటి నిపుణులను తేలేదు, రోజూ తాళాలు తీసే మనుషులే చెప్పారు. నాకు ఇందులో అన్నిటికంటే విలువైన సంగతి ఇదే.

బృందంలో ఒక మనిషి వెళ్లిపోయినా వలయం మిగులుతుంది, కాబట్టి నా ప్రశ్నకు ఇది బాగానే నిలుస్తుంది. కానీ ఇంకో ప్రమాదం ఉంది. గొడవల్లో ఉన్న పిల్లలందరినీ ఒకచోట చేర్చినప్పుడు సిగరెట్లు, తగాదాలు పెరిగాయని 1999లో పరిశోధకుడు టామ్ డిషియన్, ఆయన సహచరులు చూపించారు. ఒకడు చేసిన ఆగడం చెబితే పదిమంది నవ్వుతారు, ఆ నవ్వే శిక్షణైపోతుంది. అమెరికాలో 1939లో మొదలైన కేంబ్రిడ్జ్–సోమర్‌విల్ అధ్యయనంలోనూ, ఏళ్ల తరబడి సాయం అందిన అబ్బాయిలు పెద్దయ్యాక సాయం అందనివాళ్లకంటే కొన్ని విషయాల్లో వెనకబడ్డారు. అబ్బాయిలంతా ఒకచోట చేరే వేసవి శిబిరాలకు మళ్లీ మళ్లీ వెళ్లినవాళ్లలో ఆ నష్టం ఎక్కువ. కాబట్టి పుస్తకం పట్టుకుని పాఠం చదివే మనిషితో బృందం నడపకూడదు. ఆ నవ్వును ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్లు కావాలి.

రోజూ కనిపించే మనిషి

ఏ హోమ్‌లోనైనా గమనించండి. అబ్బాయి ఎవరి దగ్గరికి ఊరికే వెళ్లి నిలబడతాడు? వంటమనిషి కావచ్చు, డ్రైవర్ కావచ్చు, ఫుట్‌బాల్ నేర్పే మాస్టారు కావచ్చు. ఆ బంధాన్నే గుర్తించి, ఆ మనిషిని అడిగి, ఒప్పించి, శిక్షణ ఇచ్చి నిలబెట్టడం ఈ పద్ధతి. అమెరికాలో నేషనల్ గార్డ్ అనే సైనిక దళం, చదువు మధ్యలో మానేసినవాళ్ల కోసం నడిపే యూత్ ఛాలెంజ్ కార్యక్రమంలో కుర్రవాళ్లే తమ మెంటర్ పేరు చెబుతారు. అక్కడ మూడేళ్ల తర్వాత కూడా సగానికి పైగా జంటలు మాట్లాడుకుంటూనే ఉన్నాయి. అబ్బాయి తానే ఎంచుకున్నప్పుడు బంధం ఎక్కువకాలం నిలుస్తోందని అక్కడ తేలింది.

నా మొగ్గు ఇటే. అయితే రెండు చిక్కులు తీర్చాలి. నిన్న మనసు విప్పి చెప్పిన మనిషే ఇవాళ వాడి తప్పులు రిపోర్టులో రాయాల్సివస్తే నమ్మకం నిలవదు. అందుకే మెంటర్‌గా ఉన్నవాళ్ల చేతిలో ఆ అబ్బాయికి శిక్ష వేసే అధికారం ఉండకూడదు. రెండోది సమయం. డ్యూటీ పనులన్నీ అలాగే ఉంచి ‘వీణ్ణి కూడా చూసుకో’ అంటే ఎవరూ చూడలేరు. వారంలో రెండు గంటలు డ్యూటీలోనే దీనికి కేటాయించాలి, బదిలీ ఇచ్చేముందు ఈ బంధాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

ఏ దారైనా కొన్ని హద్దులు మారవు. కలిసేది నలుగురికి కనిపించే చోట. రహస్య బహుమతులు, రహస్య ఫోన్లు వద్దు. ‘ఎవరికీ చెప్పను’ అన్న మాట ఇవ్వకూడదు, ప్రాణానికో ఒంటికో ముప్పుంటే చెప్పి తీరతానని మొదటిరోజే చెప్పాలి. అబ్బాయిల మీదా లైంగిక హింస జరుగుతుంది, చెప్పినా నమ్మేవాళ్లు తక్కువ. వాడి గతం ఏమిటో, ఎందుకొచ్చాడో కుతూహలంతో అడగకండి.

చేయి ముందు లేచే 14 ఏళ్లవాడైతే, మంచి బృందం, దానితోపాటు లోపలి మనిషి. ఎవరితోనూ కలవకుండా మూలన ఉండేవాణ్ణి ముందే బృందంలో కూర్చోబెట్టకండి, ఒక్కరితో మొదలుపెట్టండి. ఇంకా ఆరు నెలల్లో బయటికి వెళ్లబోయే 17 ఏళ్లవాడికి మాత్రం బయట ఉండే మనిషి తప్పనిసరి. హోమ్‌లోని ఆత్మీయుడే ఆ కొత్త మనిషిని పరిచయం చేయాలి, వెళ్లే రోజుకి చాలా ముందే. సంరక్షణ విడిచే ప్రతి పిల్లవాడికీ, వీలైనంతవరకు, సొంతంగా నిలబడడానికి సాయపడే ఒక వ్యక్తిని కేటాయించాలని 2009లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. గదికి అడ్వాన్సు ఎవరు చూస్తారు, గుర్తింపు కాగితాలు పోతే ఎవరు తోడు వెళ్తారు, రాత్రి జ్వరం వస్తే వాడు ఎవరికి ఫోన్ చేస్తాడు? వీటికి జవాబుగా ఒక పేరు రాసుకున్నాకే వాడు బయటికి వెళ్లే తేదీ ఖరారు చేయాలి.