గుహ డైవింగ్‌కి కానిస్టర్ లైట్: హై స్ప్రింగ్స్‌కి ఏది, టులుమ్‌కి ఏది

గుహ డైవింగ్ నేర్చుకున్నవాళ్ళు ముందుగా చూసే ఊళ్ళు రెండు. ఒకటి ఉత్తర ఫ్లోరిడాలోని హై స్ప్రింగ్స్, రెండోది మెక్సికోలోని టులుమ్. రెండుచోట్లా నీళ్ళు తేటగానే ఉంటాయి. అయినా ఒకచోట చక్కగా పనిచేసిన లైటు రెండోచోట చాలకపోవచ్చు, లేదా ఎక్కువైపోవచ్చు. లైటు పవర్‌ని బట్టి బ్యాటరీ సైజు, బ్యాటరీ సైజుని బట్టి విమానంలో తిప్పలు, ఛార్జింగ్‌ని బట్టి బస. అందుకే టికెట్లకంటే ముందు తేల్చుకోవాల్సింది లైటు సంగతే.

కానిస్టర్ లైటులో బ్యాటరీ డబ్బా నడుం బెల్టుకి కుడివైపు ఉంటుంది. దాన్నుంచి కేబుల్ ఎడమచేతి వెనక భాగం మీద కూర్చునే హెడ్‌కి వెళ్తుంది. హెడ్‌ని పట్టే ఫ్రేమ్ పేరు గుడ్‌మన్ హ్యాండిల్. వేళ్ళు ఖాళీగా ఉంటాయి కాబట్టి గైడ్‌లైన్ (గుహలో దారి చూపే తాడు) పట్టుకోవచ్చు, రాయి పట్టుకుని ముందుకి లాక్కోవచ్చు.

ఈ లాక్కోవడం ఫ్లోరిడాలో తప్పదు. హై స్ప్రింగ్స్ దగ్గరి జిన్నీ స్ప్రింగ్స్‌లో డెవిల్స్ ఇయర్ అనే గుహ ముఖంలోకి దిగేటప్పుడు ఊట ఎదురుతన్నుతుంది, ఫిన్లు (కాళ్ళ రెక్కలు) కొట్టి గెలవలేం. ఇక్కడ మెత్తటి బట్ట పట్టీ ఉన్న హ్యాండిల్ చేతి మీద తిరిగిపోతుంది. అల్యూమినియం ఫ్రేమ్‌ది, సైజు సర్దుకునేది తీసుకోవాలి. కేబుల్ పొడవు కూడా చూడాలి. చెయ్యి పూర్తిగా చాచినప్పుడు సరిపోతే చాలు, మిగిలిన కేబుల్ రాళ్ళకి తగులుకుంటుంది. లోపల చాలాచోట్ల గోడలు నల్లగా, గోధుమరంగులో ఉండి వెలుగుని మింగేస్తాయి. 20 వాట్లకి తగ్గని ఎల్‌ఈడీ, 6 నుంచి 8 డిగ్రీల ఇరుకు బీమ్ ఉంటే ముందున్న సహచరుడికి మీ సిగ్నల్ కనిపిస్తుంది. గుండ్రంగా తిప్పితే అంతా బాగే, నెమ్మదిగా పక్కలకి ఊపితే ఇటు చూడు, గబగబా ఊపితే ప్రమాదం. వెడల్పు బీమ్‌తో ఈ మూడింటికీ తేడా తెలీదు. వెడల్పు బీమ్ ఉండే వీడియో లైటుని ప్రైమరీగా, అంటే ప్రధాన లైటుగా, పెట్టుకోవద్దనేది ఇందుకే.

జిన్నీలో ఒక కచ్చితమైన నియమం ఉంది. గుహ సర్టిఫికేట్ లేని డైవర్ డెవిల్స్ గుహల దగ్గర లైటు పట్టుకుని నీళ్ళలోకి దిగకూడదు. లైటుంటే లోపలికి వెళ్ళాలనిపిస్తుంది, వెళ్ళినవాళ్ళు కొందరు తిరిగి రాలేదు. పీకాక్ స్ప్రింగ్స్ స్టేట్ పార్క్‌లో కూడా ఇదే పద్ధతి. కొత్తవాళ్ళు లైటుతో దిగడానికి జిన్నీ బాల్‌రూమ్ అనే పెద్ద గుహ గది ఉంది. లోపలికి వెళ్ళే దారికి ఇనుప గ్రిల్ బిగించి ఉంటుంది.

టులుమ్ వైపు కథ వేరు. డోస్ ఓహోస్, గ్రాన్ సెనోటే అనే సెనోటేల్లో (సున్నపురాయి కూలి ఏర్పడిన నీటి గుంటలు) గోడలు తెల్లటి సున్నపురాయి, చిన్న వెలుగు కూడా గదంతా పరుచుకుంటుంది. 10, 12 వాట్లు హాయిగా సరిపోతాయి. 30 వాట్ల హెడ్ ఫుల్లులో పెడితే తిరిగొచ్చే వెలుగు మీ కళ్ళకీ, పక్కవాళ్ళ కళ్ళకీ ఇబ్బంది. పవర్ తగ్గించే స్విచ్ ఉన్న మోడల్ ఉంటే ఒకే లైటు రెండు ఊళ్ళకీ పనికొస్తుంది, మేం ఎవరికైనా కొనమని చెప్పేది అదే. మంచినీళ్ళూ ఉప్పునీళ్ళూ కలిసే పొరలో చూపు మసకబారుతుంది. అక్కడ ముందువాళ్ళ ఫిన్ల వెనకే పోకుండా కాస్త పైకో కిందకో, లేదా పక్కకో జరిగితే సిగ్నల్ మళ్ళీ కనిపిస్తుంది. అంజెలీటా అనే సెనోటేలో సుమారు 30 మీటర్ల లోతు దగ్గర హైడ్రోజన్ సల్ఫైడ్ మబ్బు ఉంటుంది. దానిలోకి బీమ్ కొడితే తెల్లగోడే కనిపిస్తుంది.

ఇక బ్యాటరీ లెక్క. ఈ ప్యాకుల్లో వాడే 18650 రకం లిథియం సెల్ ఒక్కోటి 3.6 వోల్టులు, మంచిది 3.5 ఆంపియర్-అవర్లు, అంటే 12.6 వాట్-అవర్లు. ఆరు సెల్స్ ప్యాక్‌లో 75.6 వాట్-అవర్లు ఉంటాయి. 20 వాట్ల హెడ్‌కి కాగితం మీద 3 గంటల 45 నిమిషాలు వస్తుంది, వాడుకలో 15 శాతం తీసేసి 3 గంటల 10 నిమిషాలే అనుకోండి. ప్రైమరీ లైటు డైవ్ సమయానికి కనీసం ఒకటిన్నర రెట్లు వెలగాలన్నది గుహ డైవర్ల లెక్క, కాబట్టి రెండు గంటల డైవ్‌కి ఇది సరిగ్గా సరిపోతుంది. ప్యాక్ పాతబడితే సరిపోదు, బయల్దేరే ముందు బకెట్ నీళ్ళలో హెడ్ ముంచి ఆరిపోయేదాకా వెలిగించి టైము రాసుకోవాలి. హెడ్‌ని గాలిలో అంతసేపు వెలిగించకూడదు, వేడికి ఎల్‌ఈడీ పోతుంది. ప్రైమరీ ఎంత గొప్పదైనా దానితోపాటు రెండు బ్యాకప్ లైట్లు ఉండాల్సిందే.

తొమ్మిది సెల్స్ ప్యాక్ అయితే 113 వాట్-అవర్లు దాటుతుంది. విమానంలో చిక్కు ఇక్కడ మొదలవుతుంది. 100 వరకు క్యాబిన్ బ్యాగులో పర్వాలేదు, 100 నుంచి 160 దాకా ఎయిర్‌లైన్ ముందస్తు అనుమతి కావాలి. విడి లిథియం ప్యాక్ చెకిన్ లగేజీలో పెట్టనే కూడదు. డైవింగ్ లైటుని వేడి పుట్టించే పరికరంగా లెక్కేస్తారు కాబట్టి దానికీ ఎయిర్‌లైన్ అనుమతి తీసుకుని, హెడ్‌నీ బ్యాటరీనీ విడదీసి, టెర్మినళ్ళకి టేపు వేసి తీసుకెళ్ళాలి. హైదరాబాద్‌లోనైనా ఇంకెక్కడైనా సెక్యూరిటీవాళ్ళు ముందు అడిగేది ప్యాక్ మీద వాట్-అవర్లు ఎక్కడ రాసుందని. సొంతంగా కట్టించుకున్న ప్యాక్‌కి ఆ లేబుల్ లేకపోతే అక్కడే వదిలేయాల్సి రావచ్చు. అందుకే యాత్రలకి ఆరు సెల్స్ దాటొద్దు.

సొంతంగా డిజైన్ చేయించేవాళ్ళు రెండు చోట్ల జాగ్రత్తపడాలి. మొదటిది ప్యాక్‌లోని రక్షణ సర్క్యూట్. వోల్టేజి పడిపోగానే అది కరెంటు టక్కున ఆపేస్తుంది, గుహలో ఒక్కసారిగా చీకటి. దానికంటే ముందే, సెల్‌కి 3.2 వోల్టుల దగ్గరే, హెడ్‌లోని డ్రైవర్ (ఎల్‌ఈడీకి కరెంటు అందించే సర్క్యూట్) వెలుగు తగ్గించి హెచ్చరించేలా పెట్టించాలి. రెండోది కేబుల్. పైతొడుగు చిన్నగా కోసుకుపోతే నీళ్ళు రాగి పోగుల మధ్యనుంచి, వత్తి నూనె పీల్చినట్టు, అటు డబ్బాలోకీ ఇటు హెడ్‌లోకీ పాకుతాయి. మూత ఓ-రింగ్ (నీళ్ళు చొరకుండా ఆపే రబ్బరు రింగు) ఎంత బాగున్నా లాభం లేదు. హెడ్‌లోకి కేబుల్ చేరే చోట తీగల మీద తొడుగు తీసి ఎపాక్సీ పోయిస్తే ఆ దారి మూసుకుంటుంది. డబ్బాకి డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్ మేలు. అల్యూమినియం డబ్బా సన్నగా, అందంగా ఉంటుంది కానీ స్టీలు లాచ్ తగిలే చోట ఉప్పునీళ్ళకి తినేస్తుంది.

మూత గురించి ఒక మాట. 7 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న మూత మీద 30 మీటర్ల లోతులో నీళ్ళు సుమారు 115 కిలోల బలంతో నొక్కుతాయి. కాబట్టి లాచ్‌ల అసలు పని పైన ఉన్నప్పుడే, లోతులో మూతని నీళ్ళే పట్టుకుంటాయి. ఓ-రింగ్ కింద వెంట్రుకో ఇసుక రేణువో పడితే మొదటి కొద్ది మీటర్లలోనే కారడం మొదలుకావచ్చు. రాత్రి గదిలో బ్యాటరీ తీసేసి, లోపల టిష్యూ పేపరు పెట్టి, మూసి, అరగంట బకెట్‌లో ముంచి చూడండి. టిష్యూ అంచు తడిస్తే ఓ-రింగ్ మార్చాలి. సిలికోన్ గ్రీజు రింగు మెరిసేంత చాలు. దట్టంగా పూస్తే దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

బసల విషయంలో హై స్ప్రింగ్స్‌కే మా ఓటు. జిన్నీ క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు కనెక్షన్ ఉన్న స్థలాలు దొరుకుతాయి, సిలిండర్లు అక్కడే నింపుతారు, రెండు డైవుల మధ్య ఛార్జింగ్ పెట్టుకోవచ్చు. వేసవి వారాంతాల్లో మాత్రం నదిలో ట్యూబుల మీద తేలేవాళ్ళ గోల భరించలేం, సోమవారం నుంచి గురువారం మేలు. నిశ్శబ్దంగా నిద్రపోవాలంటే ఊళ్ళో గది, ఇడ్లీ దోసెల సరుకులు కావాలంటే గెయిన్స్‌విల్. అక్కడ మన విద్యార్థులు చాలామందే ఉన్నారు. లైటు పాడైతే ఫ్లోరిడాకి సాటి లేదు. హై స్ప్రింగ్స్, లేక్ సిటీ చుట్టుపక్కలే గుహ పరికరాల తయారీదారులున్నారు, ఓ-రింగ్ నుంచి కేబుల్ దాకా దొరుకుతుంది.

టులుమ్‌లో అద్దెకి లైట్లు దొరుకుతాయి, కానీ ఎన్నేళ్ళ ప్యాకో తెలీదు. అద్దెకి తీసుకునేవాళ్ళు ఎంతసేపు వెలుగుతుందో ముందురాత్రే వెలిగించి చూడనివ్వమని అడగాలి. కుదరదంటే ఇంకో షాపు చూసుకోవాలి. గది ఏసీతోనే తీసుకోండి. అది సుఖానికి కాదు. అక్కడి ఉక్క గాలిలో డబ్బా, హెడ్ మూసేస్తే, 25 డిగ్రీల నీళ్ళలోకి దిగగానే అద్దం లోపల ఆవిరి పడుతుంది. ఏసీ గదిలో మూసి, లోపల సిలికా జెల్ పొట్లం పెడితే ఆ బాధ ఉండదు. మెక్సికోలో కరెంటు 127 వోల్టులు, ఛార్జర్ మీద 100–240 అని ఉందో లేదో చూసుకోవాలి, మన గుండ్రటి పిన్నులకి అడాప్టర్ కావాలి. సెనోటేల టికెట్లు వేటికవే, నగదు పెసోలు దగ్గర పెట్టుకోండి. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్న భారతీయులకి విడిగా మెక్సికో వీసా అక్కర్లేదు కాబట్టి, అమెరికాలో ఉన్న మనవాళ్ళకి రెండో ఊరు కలుపుకోవడం పెద్ద పనేమీ కాదు.

అండమాన్‌లోని హావెలాక్‌కో, విశాఖ రుషికొండకో వెళ్ళేవాళ్ళు కానిస్టర్ కొనకండి. గుహలు లేవు, డైవులు గంటకి మించవు, పడవ మీద కేబుల్ అడ్డం. ఒక్క 18650 సెల్‌తో నడిచే చేతిలైటు చాలు. విశాఖ నీళ్ళలో మట్టి ఎక్కువ, అక్కడ కూడా ఇరుకు బీమే తీసుకోండి. వెడల్పు బీమ్‌కి ముందున్న చేప కంటే మట్టి రేణువులే ఎక్కువ మెరుస్తాయి.