15 పిచ్, నాలుగు రెక్కలు: నాలుగు వేసవుల తర్వాత

మా పడవ పద్దెనిమిది అడుగుల ఫైబర్‌గ్లాస్ బోరైడర్, అంటే ముందు భాగంలోనూ సీట్లుండే పడవ. వెనక 115 హార్స్‌పవర్ మెర్క్యురీ ఫోర్‌స్ట్రోక్ మోటారు. అట్లాంటాకు ఉత్తరాన లేనియర్ సరస్సులో ఆరేళ్లుగా నడుపుతున్నాం. ఇప్పుడున్నది నాలుగు రెక్కల అల్యూమినియం ప్రొపెల్లర్, పిచ్ 15 (పిచ్ అంటే ఏమిటో కింద చెబుతాను). దీంతో రెండు వందల నలభై గంటలకు పైనే తిరిగాం. దీనికి ముందు రెండింటికి డబ్బు తగలేశాను కాబట్టి ఆ కథ కూడా చెప్పాలి.

సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు పడవకు 19 పిచ్ ప్రొపెల్లర్ ఉంది. నేనూ మా ఆవిడా ఇద్దరమే వెళితే బాగానే లాగేది. శనివారం బావమరిది కుటుంబం, పిల్లలు, కూలర్, పులిహోర డబ్బాలు ఎక్కాయంటే మాత్రం ముక్కు ఆకాశంలోకి లేచి, అలాగే నీళ్లు దున్నుకుంటూ పోయేది. ఎంత తొక్కినా ప్లేన్ మీదికి, అంటే ముక్కు దించి నీటి పైపైన పరుగెత్తే స్థితికి, వచ్చేది కాదు. మోటారు పాతబడిందేమో అనుకున్నాను.

ఆ శరదృతువులో నీటిమట్టం బాగా తగ్గింది. లేనియర్ నిండుమట్టం సముద్రమట్టానికి 1071 అడుగులు. అయిదారు అడుగులు దిగిందంటే వేసవిలో ధైర్యంగా దాటిన చోటే రాళ్లు పైకొస్తాయి. ఒక మూల ఠప్పుమని తగిలింది. ఒక రెక్క కొస వంగిపోయింది, ఇంకోదానికి పెద్ద గాటు. షాపులో పాతదాని మీది నంబరు చూసి మళ్లీ 19 పిచ్చే ఇచ్చారు. నేనూ మాట్లాడకుండా బిగించుకున్నాను. నా తప్పు అక్కడే మొదలైంది.

ఆ నంబరు సంగతి ఇది. మరమేకు చెక్కలో దిగినట్టు, ప్రొపెల్లర్ ఒక్క చుట్టు తిరిగితే లెక్క ప్రకారం ఎన్ని అంగుళాలు ముందుకు పోవాలో అదే పిచ్. నీళ్లు చెక్క కావు కాబట్టి మా పడవలో పది, పన్నెండు శాతం జారిపోతుంది. పిచ్ ఎక్కువైతే మోటారుకు బరువెక్కువ, టాప్ గేరులో తిరుమల ఘాట్ ఎక్కినట్టు. మా మోటారు మాన్యువల్‌లో ఫుల్ థ్రాటిల్ దగ్గర 5000 నుంచి 6000 ఆర్‌పీఎం (నిమిషానికి మోటారు తిరిగే చుట్లు) ఉండాలని రాసి ఉంది. ఇద్దరితో వెళ్లి ఫుల్ థ్రాటిల్ ఇచ్చి చూస్తే టాకోమీటర్ ముల్లు 5000 దాటలేదు. ఎనిమిది మందితో 4400. పాపం మోటారు తప్పేమీ లేదు.

ఒక అంగుళం పిచ్ తగ్గిస్తే 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుందని మెకానిక్‌లు చెప్పే లెక్క. ఆ లెక్కతో మరుసటి ఏడాది 17 పిచ్ స్టెయిన్‌లెస్ స్టీల్‌ది కొన్నాను, 450 డాలర్లు. ముల్లు 5450 చూపించింది. జీపీఎస్‌లో వేగం గంటకు 38 మైళ్లు. తమాషా ఏమిటంటే 19తోనూ దాదాపు అంతే వచ్చేది! పిచ్ పెద్దదైతే వేగం పెరుగుతుందన్న నమ్మకం ఆ రోజుతో పోయింది. స్టీలు రెక్క పలుచగా ఉంటుంది, వంగదు, మలుపుల్లో నీళ్లను గట్టిగా పట్టుకుంటుంది. కానీ పిల్లల్ని గాలి ట్యూబ్ మీద కూర్చోబెట్టి పడవ వెనక లాగేటప్పుడు ఇంకా ఆయాసపడేది. పైగా ప్రతి రాయి దగ్గరా 450 డాలర్ల టెన్షన్. వేసవి చివర్లో అమ్మేశాను.

అప్పుడు వచ్చింది ఈ 15. ఇద్దరితో 5700, నిండుగా ఎక్కితే 5400 దాకా. ఎనిమిది మందితోనూ ముక్కు దించి నీటి మీద పరుగెడుతుంది, అదీ నాలుగైదు సెకన్లలో. నాలుగో రెక్క వల్ల నీటి మీద పట్టు బాగుంది, వణుకు తక్కువ. ప్లేన్ మీద నెమ్మదిగా పోతున్నా మళ్లీ కిందికి కూలబడదు. వేగం మాత్రం 34 మైళ్లకు పడిపోయింది. మాకు చాలు. ఒక్కరే చేపలకు వెళ్లేవాళ్లకైతే నేను ఇది చెప్పను, 17తో హాయిగా ఉంటారు. రంగు మాత్రం రెండో ఏడాదికే రెక్కల అంచుల దగ్గర లేచిపోయింది. చిన్న గాట్లు నేనే ఆకురాయితో నునుపు చేసుకుంటాను.

మా స్నేహితుడి పాంటూన్‌కూ (గొట్టాల మీద తేలే చదునైన పడవ) ఇదే 115 మోటారు. నా నంబరు చూసి కొనబోతే ఆపాను. అతనిది పెద్ద గేర్‌కేసు, నిష్పత్తి 2.38, అంటే మోటారు 2.38 చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒక్క చుట్టు తిరుగుతుంది. నాది 2.07. మోటారు ఒకటే అయినా అతని ప్రొపెల్లర్ నెమ్మదిగా తిరుగుతుంది, లెక్క మొత్తం మారిపోతుంది.

పోయిన జులైలో మునిగి ఉన్న మొద్దు తగిలింది. ఆ తర్వాత మెల్లగా పోతే పోతోంది, థ్రాటిల్ పెంచితే మోటారు అరుస్తోంది, పడవ కదలట్లేదు. రెక్కలకు ఏమీ కాలేదు, ప్రొపెల్లర్‌ను షాఫ్టుకు పట్టి ఉంచే లోపలి ప్లాస్టిక్ హబ్ స్లీవ్ తెగింది. గేర్లు పాడవకుండా అది తెగడానికే పెడతారు. స్పేర్ స్లీవ్ దగ్గరే ఉంది. మోటారు తాళంచెవి తీసి జేబులో వేసుకుని, రెక్కకు అడ్డంగా చెక్కముక్క పెట్టి, నట్టు విప్పాను. షాఫ్టుకు నైలాన్ గాలం దారం నాలుగు చుట్లు చుట్టుకుని కనిపించింది. అది షాఫ్టు చుట్టూ నీళ్లు రాకుండా ఆపే సీలును కోసేస్తే గేర్ ఆయిల్‌లోకి నీళ్లెళ్లి మజ్జిగలా తెల్లబడుతుంది. జాగ్రత్తగా లాగేశాను. లోపలి థ్రస్ట్ వాషర్ ముందు ఎక్కించి, షాఫ్టు పళ్లకు గ్రీజు రాసి, కొత్త స్లీవ్‌తో ప్రొపెల్లర్ తోశాను. అంతా అయ్యాక నట్టు అందుకోబోతే చేతి గ్రీజుకు జారి బుడుంగుమని సరస్సులో పడింది. పక్క పడవవాళ్లు తాడు కట్టి ఒడ్డుకు లాక్కొచ్చారు. ఇప్పుడు పడవలో రెండు స్లీవ్‌లు, నట్టు వదులవకుండా పట్టే ట్యాబ్ వాషర్లు రెండు, మూడు నట్లు ఉంటాయి.